చాప ఎవరెత్తాలి

మా అమ్మను ఎసెరా చంపలేదు. ఆమె గుండె ఏడాదిగా మొరాయిస్తూనే ఉందని డాక్టరు చెప్పాడు, అది నాకూ తెలుసు. కాని పోయేముందు ఆమె నా మొహం చూడకుండా చేసినవాడు ఎసెరా. అది నేరమని ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. నాకు రాసిపెట్టి ఉండనక్కర్లేదు కూడా.

ఎసెరా మా హోటలుకి మేనేజరు. మా దీవుల రాజధాని అపియాలో సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద హోటళ్ళలో అదొకటి. వంటింటికి నేను పెద్దదాన్ని. ఆదివారం మధ్యాహ్నం భోజనం నా చేతి మీద నడిచేది. చర్చి నుంచి వచ్చాక ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని తినే ఆ భోజనాన్ని మేము టూరిస్టులకి టిక్కెట్టు పెట్టి అమ్మేవాళ్ళం. తెల్లవారకముందే రాళ్ళు కాల్చి, వాటి మీద చామదుంపలు, సీమపనస, పందిమాంసం, చామాకుల్లో కొబ్బరిపాలు పోసి మూటకట్టిన పాలుసామి పేర్చి, అరటాకులు కప్పి, పన్నెండింటికల్లా పరాయి కుటుంబాలకి వడ్డించేవాళ్ళం. సరిగ్గా అదే సమయానికి మా కుటుంబాలు మేము లేకుండా తినేవి. ఈ విడ్డూరం చూసి వంటింట్లో నవ్వుకునేవాళ్ళం. ఎసెరా వచ్చాక ఆ నవ్వు కూడా పోయింది.

అతను పరాయిదేశంలో, ఆక్లండులో పెరిగినవాడు. మా దీవుల భాష బాగానే మాట్లాడతాడు గాని, ప్రతి మాట చివరా ఎవరైనా చప్పట్లు కొడతారేమోనని కాస్త ఆగుతాడు. వచ్చిన కొత్తలోనే అందరినీ హాల్లో కూర్చోబెట్టి, మా పనికీ మా ఇంటికీ మధ్య సామరస్యం తెస్తానని చెప్పాడు.

"మీరు నాకు ఉద్యోగులు కాదు. మనమంతా ఒకే కుటుంబం," అన్నాడు. "మీ ఇల్లు బాగుంటేనే ఈ హోటలు బాగుంటుంది."

గిన్నెలు తోమే సెఫో నా పక్కనే కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి, ఇంట్లో నెలల పసికందు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "కుటుంబమంటున్నాడు గదక్కా, ఆస్తిలో వాటా అడుగుదామా?" అన్నాడు.

సామరస్యం గురువారం గురువారం వచ్చేది. పొద్దుటి షిఫ్టు రెండింటికి దిగిపోతుంది. దిగినవాళ్ళు ఇంటికి పోకుండా హాల్లో కూర్చుని, పనిని ఇంటికి మోసుకుపోకుండా ఎలా ఉండాలో గంటన్నరసేపు నేర్చుకోవాలి. కళ్ళు మూసుకోవాలి, ఊపిరి లోపలికి తీసుకోవాలి, నెమ్మదిగా వదలాలి. "మీ పిల్లల్ని తలుచుకోండి," అనేవాడు. పిల్లలు ఇంటి దగ్గర మా కోసం చూస్తుంటే మేము ఇక్కడ కూర్చుని వాళ్ళని తలుచుకునేవాళ్ళం. క్లాసుకి రాకపోతే జీతం కోసేంత మొరటువాడు కాదు. పై వారం డ్యూటీ చార్టులో మన పేరు ఆదివారం సాయంత్రానికీ, మళ్ళీ సోమవారం తెల్లవారుజాముకీ పడేది. అడిగితే, "నీ మనసు స్థిమితంగా లేదనిపించింది. పనిలో ఉంటే కుదురుకుంటావని వేశాను," అనేవాడు.

హాలు గుమ్మం దగ్గర అందమైన అల్లిక బుట్ట ఒకటి పెట్టించాడు. లోపలికి వచ్చేవాళ్ళు తమ ఫోన్లు అందులో వెయ్యాలి. ఇల్లు మనిషిని ఒకవైపు, పని ఒకవైపు లాగుతూ ఉంటే ప్రశాంతత ఎక్కడిదని అడిగేవాడు. అతని ఫోను మాత్రం అతని జేబులోనే ఉండేది.

మా ఊరు సవాయి దీవిలో ఉంది, ఓడ ఎక్కి దాటాలి. వారమంతా అపియాలో మా పిన్ని ఇంట్లో ఉంటూ, సెలవు దొరికినప్పుడు ఊరికి వెళ్ళొచ్చేదాన్ని. అమ్మకి ఆయాసం ఎక్కువైందని కబురు రాగానే ఎసెరా గదికి వెళ్ళాను.

"అమ్మకి అస్సలు బాలేదు సార్. నాలుగు రోజులు చూసుకుని వచ్చేస్తాను."

"తప్పకుండా అపౌలా. కుటుంబం తర్వాతే ఏదైనా," అన్నాడు. "ఇంటివాళ్ళతో గడపడానికి నీకిచ్చే సామరస్యం సెలవు వచ్చే నెలలో పెట్టాను కదా. అప్పుడు హాయిగా వెళ్ళు. ఇప్పుడు పిల్లల ఆదివారం పండగ దగ్గరికొచ్చింది, గదులన్నీ నిండిపోయాయి. నువ్వు లేకపోతే మన కుటుంబం ఏమైపోతుంది చెప్పు."

"వచ్చే నెల దాకా మా అమ్మ ఆగాలి కదా సార్."

"అలా చెడు తలుచుకోకూడదు," అన్నాడు. "గురువారం క్లాసులో దీని గురించి అందరం మాట్లాడుకుందాం."

ఆ గురువారం నేను కళ్ళు మూసుకుని ఊపిరి వదులుతూ ఉండగా బుట్టలో ఫోను మోగింది. నా ఫోను మోత నాకు తెలియదా. కళ్ళు తెరిచాను. ఎసెరా బుట్ట వైపే చూస్తున్నాడు.

"కళ్ళు మూసుకో అపౌలా. దాన్ని మోగనీ. నువ్వు దాని బానిసవి కావు," అన్నాడు.

అది ఆగింది, మళ్ళీ మోగింది. కాసేపటికి ముందు కౌంటర్లో కూర్చునే రూటా తలుపు తోసుకుని వచ్చి అతని చెవిలో ఏదో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపి, గొంతు తగ్గించి ఏదో అని పంపేశాడు. ఎవరో గెస్టు గొడవ పడుతున్నాడనుకున్నాను. ఆ తర్వాత అతను ఒక్కొక్కళ్ళనీ తమ ఇంటి గురించి ఒక మంచిమాట చెప్పమన్నాడు. నా వంతు వచ్చినప్పుడు మా అమ్మ గురించి చెప్పాను. కొబ్బరి కోరుతున్నంతసేపూ పాడుతుందనీ, పాట మరిచిపోతే కోరడం కూడా ఆపేస్తుందనీ చెప్పాను. అందరూ నవ్వారు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఎసెరా.

క్లాసు అయిపోయాక, మిగతావాళ్ళు లేస్తుంటే, నా భుజం తట్టి, "ఇంటి నుంచి ఏదో ఫోను వచ్చినట్టుంది, నెమ్మదిగా చూసుకో," అన్నాడు.

చూసుకున్నాను. అన్నయ్య ఇయోసువా ఎత్తాడు.

"ఎక్కడ చచ్చావే? ఎంతసేపట్నుంచి చేస్తున్నా. అమ్మ నిన్నే అడుగుతోంది. వచ్చెయ్యి."

"వస్తున్నా అన్నయ్యా," అన్నాను.

టాక్సీ పట్టుకుని, ముప్పావుగంట దూరంలో ఉన్న రేవుకి పరుగెత్తాను. సాయంత్రం నాలుగింటికి పోయే ఓడే ఆ రోజుకి ఆఖరిది. నేను దిగేసరికి అది నీళ్ళ మీద చాలా దూరం పోయి ఉంది. తెల్లవారి మొదటి ఓడకి వెళ్ళాను. అప్పటికి ఇంట్లో పెద్దవాళ్ళు పాటలు పాడుతున్నారు, అమ్మకి తెల్లదుప్పటి కప్పి ఉంది. చివరిదాకా నేను ఎక్కడని అడుగుతూనే ఉందట. పడవలో ఉంది, వచ్చేస్తోంది అని అన్నయ్య చెబుతూనే ఉన్నాడట. జన్మలో ఆమెతో అబద్ధమాడని మనిషి ఆ అబద్ధం ఆడాల్సి వచ్చింది.

అప్పటికీ నేను నా ఖర్మ అనే అనుకున్నాను. సమాధి చేసిన రోజు రూటా వచ్చి నన్ను పక్కకి పిలిచి ఏడ్చింది.

"మీ అన్నయ్య హోటలుకే చేశారక్కా. ప్రాణం మీదకొచ్చింది, నాలుగింటి ఓడ ఎక్కించమన్నారు. నేనొచ్చి ఆ మాటే సార్ చెవిలో చెప్పా. ఇప్పుడు చెబితే క్లాసంతా చెదిరిపోతుంది, అయ్యాక నేనే చెబుతాలే అన్నారు. నేనే అరిచి చెప్పుండాల్సింది."

రూటా మీద కూడా ఒక్క క్షణం చెయ్యి లేచింది నాకు. తర్వాత దగ్గరికి తీసుకున్నాను. అతనికి తెలుసు. మా అమ్మ గురించి మంచిమాట చెప్పమని అడిగినప్పుడు, నేను చెబుతూ ఉన్నప్పుడు, చప్పట్లు కొట్టినప్పుడు, అంతసేపూ అతనికి తెలుసు.

హోటలు నుంచి పూలదండ వచ్చింది. దాని మీద హోటలు పేరు అమ్మ పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉంది. అన్నయ్య దాన్ని పందులదొడ్డి వెనక పడేశాడు. మా ఊరి మగపిల్లలు అపియా వెళ్ళి అతని కారు తగలబెట్టి వస్తామన్నారు. నేను వద్దన్నాను. కారు పోతే ఇంకో కారు వస్తుంది. అతను ఎదురుచూస్తూ కూర్చోవాలి, ఎంతసేపో తెలియకుండా కూర్చోవాలి, లేవమనే మాట ఇంకొకళ్ళ నోట్లో ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే. రాత్రీ పగలూ అదే కోరుకున్నాను, ప్రార్థనలో కూడా అదే కోరుకున్నాను. సిగ్గేమీ పడలేదు.

రూటా చెప్పిన మాట సమాధి దగ్గర నుంచి చర్చిలకి, చర్చిల నుంచి ఊళ్ళకి పాకింది. ఎసెరా మేనమామ పనపా చెవిన పడింది. ఆయన వాళ్ళ కుటుంబానికి పెద్ద, మంచి పేరున్న ముసలాయన. తన వంశంలో ఒకడు ఒక తల్లినీ కూతుర్నీ ఇలా విడదీశాడంటే తను తలెత్తుకుని తిరగలేనన్నాడట. మేనల్లుణ్ణి పిలిచి, వెళ్ళి చాప కింద కూర్చోమన్నాడట, తనూ వస్తానన్నాడట.

మా దగ్గర పెద్ద తప్పుకి క్షమాపణ నోటితో అడిగితే చాలదు. తెల్లవారేసరికి తప్పు చేసినవాడు, వాడి కుటుంబపెద్ద, వాడి బంధుబలగం వచ్చి దెబ్బతిన్నవాళ్ళ వాకిట్లో కూర్చుంటారు. తప్పు చేసినవాడి నెత్తిన సన్నచాప కప్పి ఉంటుంది. పెళ్ళికీ చావుకీ తప్ప బయటికి తీయని చాప అది, తరాల నుంచి వచ్చినది. ఇంటివాళ్ళు ఏం చేసినా కూర్చున్నవాళ్ళు కదలకూడదు, రాయి వేసినా కదలకూడదు. ఇంటివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టే. ఎత్తాక ఆ సంగతి ఇంక ఎవరూ నోరెత్తి అనకూడదు. నా కోపానికి కూడా అక్కడితో సమాధే.

పిల్లలు చర్చిలో వాక్యాలు చెప్పే ఆ పిల్లల ఆదివారం మర్నాడు, సోమవారం, దేశమంతా సెలవు. ఇంకా మసక వెలుతురుగా ఉండగానే అన్నయ్య నన్ను లేపాడు.

"లేవే. వచ్చారు."

మా ఇంటికి గోడలు లేవు, స్తంభాలే. కొబ్బరాకు తెర ఎత్తగానే వాకిలంతా కనిపించింది. మా ఆచారం ప్రకారం వాకిట్లోనే కట్టిన అమ్మ సమాధి పక్కన, ఇంకా ఆరని సిమెంటుకి రెండడుగుల దూరంలో, పెద్ద చాప కింద రెండు ఆకారాలు వంగి ఉన్నాయి. వెనక ఒక గుంపు తలలు దించుకుని కూర్చుంది. నా గుండె గబగబా కొట్టుకుంది. చెప్పొద్దూ, సంతోషంతోనే.

మా ఇంటికి అన్నయ్యే పెద్ద, చాప ఎత్తే హక్కు అతనిది. "నీ తరఫున నేను తేల్చను చెల్లీ," అన్నాడు. "అమ్మ అడిగింది నిన్ను. ఎత్తాలన్నా వద్దన్నా నువ్వే చెప్పు."

"అప్పుడే వద్దు."

"పిల్లలు పొయ్యి వేస్తున్నారు. ఎత్తితే వచ్చినవాళ్ళకి తిండి పెట్టాలి కదా."

"వెయ్యనీ. నా చేతులు ఊరికే ఉండలేవు, నేనూ వస్తా."

కొబ్బరి కోరాను, పాలు పిండాను, చామాకులు మూటలు కట్టాను. మధ్యమధ్య తల తిప్పి చూసేదాన్ని. చాప కదలలేదు. ఎండ కొబ్బరిచెట్ల మీదకి వచ్చింది, తర్వాత వాకిట్లోకి వచ్చింది, తర్వాత చాప మీదకి వచ్చింది. అన్నయ్య రెండుసార్లు వచ్చి నిలబడి వెళ్ళాడు. మూడోసారి నోరు విప్పాడు.

"చాప కింద ముసలాయన కూడా ఉన్నాడే. ఎండకి తాళలేడు. వాడి కోసం వద్దు, ఆయన మొహం చూసి ఎత్తేద్దాం."

నాకూ అదే పీకుతోంది. ముసలాయన ఏ పాపం చేశాడు? సరేలే, ఎత్తేస్తానని చేతులు కడుక్కుని వాకిట్లోకి నడిచాను. పొయ్యి దగ్గర నుంచి చాపే కనిపించేది, వెనకున్నవాళ్ళు కనిపించేవాళ్ళు కాదు. ఇప్పుడు వెనక కూర్చున్న గుంపు బట్టలు కనిపించాయి. అందరివీ ఒకటే చొక్కాలు. మందారపూల చొక్కాలు, జేబు మీద హోటలు పేరు. అవి తొడుక్కునే నేను ఏళ్ళ తరబడి పొయ్యి ముందు నిలబడ్డాను.

దగ్గరికి వెళ్ళాను. ముందు వరసలో రూటా. ఆమె పక్కన సెఫో. పడకలు సర్దే ఆడవాళ్ళు, వ్యాను డ్రైవరు, తోటమాలి. ఎసెరా చుట్టాలు అందులో ఒక్కరూ లేరు.

రూటా ముందు గొంతుక్కూర్చున్నాను. "నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

ఆమె తల ఎత్తలేదు. "చాప కింద కూర్చునేటప్పుడు కుటుంబం వెనక ఉండాలంట గదక్కా. మేమే తన కుటుంబమన్నారు సార్."

"ఎప్పుడొచ్చారు?"

"నిన్న మధ్యాహ్నం భోజనాలవగానే వ్యానెక్కించేశారు. రాత్రి చర్చి హాల్లో పడుకున్నాం."

"నీ కొడుకు నిన్న మొదటిసారి చర్చిలో వాక్యం చెప్పాడు కదా?"

"చెప్పాడంట. మా అత్త చూసింది. హోటల్లో పనుంది, నాకెక్కడ కుదురుద్దీ? సోమవారం అంతా నీతోనే ఉంటా, నీ వాక్యం నాకొక్కదానికే చెబుదువుగానీ అని వాడికి మాటిచ్చా." ఆమె చేత్తో ముక్కు తుడుచుకుంది. "ఇక్కడికొచ్చా."

సెఫో అందుకున్నాడు. "రాకపోతే ఏమీ అనరక్కా. పైవారం చార్టు చూసుకుంటే చాలు, అదే చెబుద్ది."

"మరి ఆయన పెళ్ళాం పిల్లలు ఏరి?"

"అపియాలో ఇంట్లోనే ఉన్నారు," అన్నాడు సెఫో. "సెలవు రోజు గదా, పిల్లల నిద్ర పాడవుద్దని తీసుకురాలేదంట."

అంతసేపూ కాస్త చల్లారిన కోపం ఒక్కసారిగా పైకి వచ్చింది. మా అమ్మ దగ్గర నుంచి నన్ను దూరం చేసినందుకు క్షమించమని అడగడానికి వీళ్ళందరినీ వాళ్ళ పిల్లల దగ్గర నుంచి లాక్కొచ్చాడు. తను ఏం చేశాడో ఈ మనిషికి ఇప్పటికీ తెలియలేదు. తెలియనివాడికి చాప ఎత్తితే రేపు ఇంకొకళ్ళ అమ్మ ఎదురుచూస్తుంది.

నేను లేచి నిలబడి గట్టిగా అన్నాను. "రూటా, సెఫో, అందరూ లోపలికి రండి. తినండి."

అన్నయ్య పరుగున వచ్చి నా జబ్బ పట్టుకున్నాడు. "ఇదేంటే? వచ్చినవాళ్ళలో కొందర్ని పిలిచి కొందర్ని వదలడం ఎక్కడన్నా ఉందా?"

"బంధువుల్ని డ్యూటీ వేసి తేవడం ఎక్కడన్నా ఉందా అన్నయ్యా?"

అన్నయ్య ఆ చొక్కాల వైపు చూశాడు. జేబుల మీద అక్షరాలు నిదానంగా చదివాడు. నా జబ్బ వదిలేసి, ఒక ముసలి పనిమనిషి చెయ్యి పట్టుకుని లేపి, ఇంట్లోకి నడిపించాడు.

రూటా మాత్రం కదల్లేదు. "సార్ చూస్తారక్కా."

"చాప కిందనుంచి ఏం చూస్తాడే. రా."

చాప కింద నుంచి ఎసెరా గొంతు వచ్చింది. కూర్చున్నవాడు మాట్లాడకూడదని కూడా అతనికి తెలియదు. "అపౌలా, నేను చాలా నేర్చుకున్నాను. ఈ అనుభవం నుంచి మన కుటుంబమంతా కలిసి ముందుకి..."

"మాట్లాడకండి సార్," అన్నాను. "ఊపిరి లోపలికి తీసుకోండి. నెమ్మదిగా వదలండి. మీ పిల్లల్ని తలుచుకోండి."

లేవబోతున్న సెఫో నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దాచుకోలేదు.

తర్వాత చాప రెండో వైపుకి వెళ్ళి కూర్చున్నాను. "పెద్దయ్యా, నేను అపౌలాని. మీ మీద నాకు ఏమీ లేదు. లోపలికి రండి, నీడలో కూర్చోండి."

"వాణ్ణి వదిలి నేను రాకూడదమ్మా," అన్నాడాయన. గొంతు పూర్తిగా ఎండిపోయింది. "వీడి తప్పు నా తప్పే. అయినా ఇంతమంది పనివాళ్ళు ప్రేమకొద్దీ వీడి వెనక వచ్చి కూర్చున్నారు. వీడిలోనూ ఏదో మంచి ఉండే ఉంటుంది. అది చూడమ్మా."

"ప్రేమకొద్దీ వచ్చారని మీకెవరు చెప్పారు?"

ఆయన, "సెఫో అని ఒకతను రాత్రి హాల్లో నాకు నీళ్ళిచ్చాడు. అతణ్ణి పిలువు," అన్నాడు.

సెఫో వచ్చి వంగి నిలబడ్డాడు.

"నాయనా, నువ్వు నీ ఇష్టంతో వచ్చావా?"

సెఫో నా వైపు చూశాడు, చాప వైపు చూశాడు. పెద్దవాళ్ళ ముందు అబద్ధం ఆడేవాడు కాదు, నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకునే స్థోమతా లేదు. "ఇంట్లో పసిబిడ్డ ఉంది పెద్దయ్యా," అన్నాడు చివరికి. "నా ఇష్టమైతే దాన్ని ఎత్తుకుని ఇంట్లోనే ఉండేవాణ్ణి."

చాప అంచు పైకి లేచింది. ముసలాయన మోకాళ్ళ మీద బయటికి వచ్చాడు. తెల్లజుట్టు చెమటకి నెత్తికి అంటుకుపోయింది. మేనల్లుడి మీద చాప సరిగ్గా లేకపోతే సర్ది, అంచులు నేలకి ఆనేట్టు లాగాడు. "ఆ చొక్కాలు ఎందుకేశారని పడవలో అడిగా నిన్ను," అన్నాడు చాపతో. "గౌరవం కోసమన్నావు." సెఫో భుజం పట్టుకుని లోపలికి వచ్చాడు. నేను పరిచిన చోట, అన్నయ్య పక్కన, కూర్చున్నాడు.

రాళ్ళ మీద నుంచి ఆకులు తీసి అందరికీ వడ్డించాను. హోటల్లో వడ్డించినట్టు నిలబడి కాదు, కూర్చుని, పేరుపేరునా అడిగి వడ్డించాను. మొదట బెరుకుబెరుకుగా తిన్నారు. తర్వాత తోటమాలి ఏదో హాస్యమాడితే ఆడవాళ్ళు నవ్వారు. గోడలు లేని ఇల్లు కదా, ప్రతి నవ్వూ వాకిట్లోకి వెళ్ళింది. ప్రతి ముద్ద వాసనా వెళ్ళింది. వెళ్ళాలనే వాకిలి వైపు తెరలన్నీ ఎత్తించాను.

"మీ వాడికి ఫోను చెయ్యి," అన్నాను రూటాతో.

చేసింది. స్పీకరు పెట్టమన్నాను. కొడుకు ముందు అలిగి మాట్లాడలేదు. తర్వాత, "నువ్వు రానన్నావుగా, ఇంక చెప్పను," అన్నాడు. రూటా బతిమాలింది. మేమంతా బతిమాలాం. చివరికి వాడు గొంతు సవరించుకుని తన వాక్యం మొదలుపెట్టాడు. సగంలో మరిచిపోయి ఆగాడు. ఎవరూ అందివ్వలేదు. ఇరవైమంది తినడం ఆపి ఆ పిల్లవాడి కోసం ఆగాం. వాడు మళ్ళీ మొదట్నుంచి చెప్పి ముగించాడు. రూటా ఏడుస్తూ, "బాగా చెప్పావురా నాన్నా," అంది. వాడు, "నిన్న ఇంకా బాగా చెప్పాను," అన్నాడు.

ఆ మాటకి ఇంట్లో చాలామంది తలలు వంచుకున్నారు. వాకిట్లో చాప కూడా కదిలింది. లోపల ఉన్నవాడు ఏడుస్తున్నాడో, కాలు తిమ్మిరెక్కిందో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

ముసలాయన ముందు పెట్టిన ఆకులో చామదుంప అలాగే ఉంది. ఆయన ఇంకా వేలు ముట్టించలేదు. మా అన్నయ్య కూడా ఆయన కోసమే తినకుండా కూర్చున్నాడు. మేనల్లుడు వాకిట్లో ఉండగా ఆయనకి ముద్ద ఎలా దిగుతుంది? ఆయన నా వైపే చూస్తున్నాడు. ఆ చూపు తప్పించుకోవడం నా వల్ల కాలేదు.

"పెద్దయ్యా," అన్నాను. "నేను ఎత్తను. చచ్చేదాకా ఎత్తను. మా అమ్మ దగ్గరికి నన్ను పంపనివాణ్ణి మా అమ్మ ఇంట్లోకి నేను పిలవను. కాని ఆ మనిషి వీళ్ళనే తన కుటుంబమన్నాడు. మా అన్నయ్య ఒప్పుకుంటే నా హక్కు వీళ్ళకిస్తాను. వీళ్ళలో ఎవరికి జాలి వేసినా వెళ్ళి ఎత్తొచ్చు. నేను కాదనను. మళ్ళీ ఆ మాట నా నోట రాదు."

అన్నయ్య తలూపాడు. ముసలాయన ఒక్కొక్కరి మొహమే చూస్తూ వచ్చాడు. తోటమాలి తన ఆకు వైపు చూసుకున్నాడు. పడకలు సర్దే ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని ఊరుకున్నారు. డ్రైవరు చేతిలోని సీమపనస ముక్కని చిన్నచిన్నగా తుంచుతున్నాడు. రూటా ఫోను చెవికి ఆనించుకుని కొడుకుతో గుసగుసలాడుతూనే ఉంది. చాప కింద నుంచి, అందరికీ వినిపించేటట్టు, ఎసెరా రూటా పేరు పిలిచాడు. ఆ తర్వాత సెఫో పేరు పిలిచాడు.

ఎవరూ లేవలేదు.

సెఫో తన ఆకు నా వైపు జరిపాడు. "అక్కా," అన్నాడు, "పాలుసామి ఇంకేమన్నా ఉందా?"

ముసలాయన చాలాసేపు వాకిట్లోకి చూశాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, తన ఆకుని దగ్గరికి లాక్కుని, చామదుంప విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నేను సెఫోకి వడ్డించి, ఆయన ఆకులో కూడా ఒక మూట విప్పి వేశాను.